చలికాలపు ఎండుకంకులు: ఆష్‌బర్న్ దారి పక్క చరిత్ర

వర్జీనియా రాష్ట్రం లౌడన్ కౌంటీలోని ఆష్‌బర్న్ పేరు చెప్పగానే ఈనాటి వారికి గుర్తుకు వచ్చేవి డేటా సెంటర్లు. వాషింగ్టన్ నగరానికి వాయవ్యంగా సుమారు 30 మైళ్ళ దూరంలో ఉన్న ఈ ఊరు రెండు తరాల కిందటి వరకూ పాడి పశువుల ఊరు, పంట పొలాల ఊరు. ఊరి మీదుగా సాగిన రైలు మార్గం 1968లో మూతపడింది. పట్టాలు తీసేసిన ఆ కట్ట మీదనే తరువాత నడకకు, సైకిళ్ళకు బాట వేశారు. 45 మైళ్ళ పొడవున్న ఈ వాషింగ్టన్ అండ్ ఓల్డ్ డొమినియన్ బాట 1988 నాటికి పర్సెల్‌విల్ దాకా పూర్తయింది. బాట వెంట పెద్ద విద్యుత్తు తీగలు సాగుతాయి. తీగల కింద ఎత్తయిన చెట్లను పెరగనివ్వరు కనుక అక్కడ నీడ తక్కువ. గడ్డి కోసే యంత్రం తరచుగా రాని అంచులలో పాతకాలపు బీళ్ళ మొక్కలు ఇంకా నిలిచివున్నాయి.

వాటిని చూడడానికి జనవరి మంచి నెల. ఆకు రాలి, రంగు పోయి, మొక్క తన కట్టుబడిని మాత్రమే మిగుల్చుకునే కాలమది. తెల్లవారి మంచు పట్టినప్పుడు ప్రతి కంకి, ప్రతి కాయడొల్ల విడివిడిగా కనిపిస్తుంది. బాటసారులలో ఎక్కువమందికి అది ఎండిన కలుపు. కాని ఆ కలుపులో ఒక్కొక్కదానికి ఈ నేలమీద మనుషుల అవసరాలతో పెనవేసుకున్న చరిత్ర ఉన్నది. అవసరం పడినప్పుడు వాటికి గౌరవం దక్కింది, తీరాక మళ్ళీ కలుపు అనే పేరే మిగిలింది.

అసలు ఐరోపా శాస్త్రజ్ఞులు వర్జీనియా మొక్కలను మొదట ఎరిగినది ఎండినవాటి ద్వారానే. గ్లాస్టర్ కౌంటీ న్యాయస్థానంలో గుమాస్తాగా పనిచేసిన జాన్ క్లేటన్ ఇక్కడి మొక్కలను సేకరించి, ఎండబెట్టి, ఓడల మీద ఐరోపాకు పంపాడు. వాటి ఆధారంగా నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో గ్రోనోవియస్ ‘ఫ్లోరా వర్జీనికా’ గ్రంథాన్ని 1739లో ప్రచురించాడు. లినేయస్ తన 1753 నాటి గ్రంథంలో దానిని వాడుకున్నాడు. క్లేటన్ పంపిన ఎండుకొమ్మలు ఇప్పటికీ లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియంలో భద్రంగా ఉన్నాయి.

వర్జీనియా పేరును తన శాస్త్రీయ నామంలో మోసే గడ్డి బ్రూమ్‌సెడ్జ్, అంటే ఆండ్రోపోగన్ వర్జినికస్. మన జొన్న, చెరకు చేరిన తెగకే చెందుతుంది. వేసవిలో ఇది చూపుకు ఆనదు. చలికాలంలో మాత్రం ఏటవాలు ఎండ పడితే మొత్తం బీడు రాగిరంగుకు తిరుగుతుంది, గింజల చుట్టూ ఉన్న తెల్లని నూగు వెలుగుతుంది. అయితే పూర్వపు వర్జీనియా రైతు ఈ వెలుగును చూసి సంతోషించలేదు. పొగాకు, మొక్కజొన్న ఏటేటా వేసి సారం పోయిన నేలను వదిలేస్తే అక్కడ ముందుగా పరచుకునే వాటిలో ఇదొకటి. వైద్యుడికి నాలుక రంగు ఎలాంటిదో రైతుకు ఈ గడ్డి అలాంటిది. నేల జబ్బును చూపేది.

ఆ జబ్బుకు మందు వెదికినవాడు లౌడన్ కౌంటీలోనే ఉన్నాడు. జాన్ అలెగ్జాండర్ బిన్స్ అనే రైతు జిప్సమ్ చల్లడం, క్లోవర్ మొక్కలు వేయడం, లోతుగా దున్నడం అనే మూడు పనులను కలిపి తన పొలాల్లో ప్రయోగించి, ఆ అనుభవాన్ని 1803లో పుస్తకంగా అచ్చు వేయించాడు. థామస్ జెఫర్సన్ ఆ పుస్తకాన్ని మెచ్చుకొని ఇంగ్లండుకు పంపాడు. ‘లౌడన్ పద్ధతి’ అనే పేరు అలా పుట్టింది. అయినా వర్జీనియాలో ఇతర చోట్ల బీళ్ళు మిగిలే ఉన్నాయి. రిచ్‌మండ్ రచయిత్రి ఎలెన్ గ్లాస్గో 1925 నాటి ‘బారెన్ గ్రౌండ్’ నవలలో మొదటి భాగానికి ఈ గడ్డి పేరే పెట్టింది. ఒక కుటుంబం ఓడిపోవడానికీ ఆ గడ్డి పొలాన్ని ఆక్రమించడానికీ ఉన్న సంబంధం అప్పటి పాఠకులకు విడమరిచి చెప్పనక్కర లేనిది.

ఈ బాట పక్కన తెలుగువారు ఆగి చూడవలసిన మొక్క మరొకటి ఉన్నది. అది మిల్క్‌వీడ్. తుంచితే పాలు కారే కాడ, రెండుగా విచ్చుకున్న బూడిదరంగు కాయ, లోపల పట్టులాంటి దూది, దూది చివర చదునైన గోధుమరంగు గింజ. జిల్లేడు ఎరిగినవారికి పరిచయం అక్కరలేదు. రెండూ ఒకే కుటుంబానివి. లినేయస్ ఈ మొక్కల ప్రజాతికి గ్రీకు వైద్యదేవత ఆస్‌క్లీపియస్ పేరు పెట్టాడు. జాతి పేరులో మాత్రం ఒక పొరపాటు శాశ్వతమైంది. 1635లో దీనిని వర్ణించిన ఫ్రెంచి వైద్యుడు కోర్న్యూ దీనిని పశ్చిమాసియా మొక్కగా భ్రమించాడు. ఆ కారణంగా ఉత్తర అమెరికాలో పుట్టిన ఈ మొక్క నేటికీ ఆస్‌క్లీపియాస్ సిరియాకా, అంటే సిరియా మొక్క.

తెలుగునాట జిల్లేడు ఊరి బయట, పాడుపడిన గోడల దగ్గర పెరిగేది. దాని పాలు కంట్లో పడితే ప్రమాదమని పిల్లలను హెచ్చరిస్తారు. అదే మొక్క ఆకులు రథసప్తమినాడు రేగుపళ్ళతో సహా తలమీదికి, భుజాలమీదికి చేరతాయి. అమెరికా మిల్క్‌వీడ్‌కు కూడా ఒక ఏడాది అటువంటి ఆదరణ దొరికింది. 1942లో జపాను సేనలు జావాను ఆక్రమించడంతో అమెరికా నౌకాదళానికి కపోక్ దూది రావడం ఆగిపోయింది. మన బూరుగుకు దగ్గరి చుట్టమైన చెట్టు దూది అది. నీటిలో మునగని ప్రాణరక్షక కోట్లను దానితోనే నింపేవారు. మిల్క్‌వీడ్ దూది పోగు లోపల బోలుగా ఉంటుంది, పైన మైనపు పూత ఉంటుంది, అందువల్ల అది నీటిని పీల్చదు. ఈ దూదిని పరిశ్రమగా మార్చాలని పట్టుబట్టినవాడు షికాగో వైద్యుడు బోరిస్ బెర్క్‌మన్. మిషిగన్ రాష్ట్రంలోని పెటోస్కీలో దూది తీసే కర్మాగారం వెలిసింది. 1944 శరత్కాలంలో బడిపిల్లలు గోతాలు పట్టుకొని రోడ్ల వెంట, పొలాల వెంట కాయలు ఏరారు. రెండు గోతాల కాయలతో ఒక కోటు తయారవుతుందని, అంటే ఒక నావికుడి ప్రాణం నిలుస్తుందని వారికి చెప్పేవారు. యుద్ధం ముగిసి కపోక్ మళ్ళీ రావడంతో ఆ పరిశ్రమ నిలవలేదు. రైతులు మిల్క్‌వీడ్‌ను యథాప్రకారం కలుపుగా పీకడం మొదలుపెట్టారు, తరువాత కలుపుమందులు వచ్చాయి.

ఆ నిర్మూలన ఫలితం వేరొక ప్రాణి మీద పడింది. మోనార్క్ సీతాకోకచిలుక గొంగళిపురుగులు మిల్క్‌వీడ్ ఆకు తప్ప మరేదీ తినవు. ఆ పాలలోని గుండెమీద పనిచేసే విషపదార్థాలను ఒంట్లో దాచుకొని పక్షుల నుంచి కాపాడుకుంటాయి. శరత్తులో లక్షలాది మోనార్క్‌లు దక్షిణానికి ఎగిరి మెక్సికో కొండ అడవులలో చలికాలం గడుపుతాయి. ఆ చోటు ఏదో శాస్త్రలోకానికి 1975 జనవరిలో గాని తెలియలేదు. 2024 డిసెంబరులో అమెరికా వన్యప్రాణి శాఖ మోనార్క్‌ను ముప్పున్న జాతుల జాబితాలో చేర్చాలని ప్రతిపాదించింది.

ఎండిన మొక్క చనిపోయినదనే అభిప్రాయాన్ని సరిచేసేది గోల్డెన్‌రాడ్. ఆగస్టు, సెప్టెంబరు నెలల తుమ్ములకు చాలామంది దీనినే నిందిస్తారు. నిజానికి దీని పుప్పొడి బరువైనది, జిగటైనది, గాలిలో దూరం పోలేదు. నేరం పక్కనే పూసే రాగ్‌వీడ్‌ది. చలికాలంలో దీని కాడల మీద అక్కడక్కడ పెద్ద రేగుపండంత గుండ్రని బుడిపె కనిపిస్తుంది. అందులో ఒక చిన్న ఈగ పిల్లపురుగు నిద్రిస్తూంటుంది. తన ఒంటిలో గ్లిసరాల్, సార్బిటాల్ నింపుకొని, కణాల వెలుపలి ద్రవం గడ్డకట్టినా బతుకుతుంది. వసంతంలో రెక్కలతో వెలువడే ఈగకు కొరికే నోరు ఉండదు. అందుచేత పురుగుగా ఉన్నప్పుడే బయటికి సొరంగం తొలిచి, చివర పలుచని పొర మాత్రం మిగిల్చి పెట్టుకుంటుంది. చికడీ పిట్టలు, వడ్రంగిపిట్టలు ఆ బుడిపెలను పొడిచి చలికాలపు ఆకలి తీర్చుకుంటాయి. ఒక్క ఎండు కాడను నరికితే పోయేది ఆ కాడ మాత్రమే కాదని దీనివల్ల తెలుస్తుంది.

ఎండిన కంకులలో అందాన్ని చూసే దృష్టి ఉద్యానకళలోకి ఈ ప్రాంతం నుంచే బలంగా వచ్చింది. వోల్ఫ్‌గాంగ్ ఎమె, జేమ్స్ వాన్ స్వీడెన్ అనే ఇద్దరు రూపకర్తలు 1977లో వాషింగ్టన్‌లోని ఫెడరల్ రిజర్వ్ భవనం తోటలో పచ్చిక తివాచీకి బదులు పొడవాటి గడ్డిజాతులు నాటి, శీతాకాలం పొడవునా వాటిని కోయకుండా ఉంచారు. తరువాత డచ్చి రూపకర్త పీట్ ఔడాల్ఫ్ షికాగో లూరీ గార్డెన్‌లో, న్యూయార్క్ హై లైన్‌లో ఈ దృష్టికి ప్రపంచఖ్యాతి తెచ్చాడు. ఇళ్ళ ముంగిళ్ళలోకి మాత్రం ఇది నెమ్మదిగా వస్తున్నది. ఆష్‌బర్న్ వంటి ఊళ్ళలో ఇంటి ముందరి పచ్చిక ఎంత ఎత్తు ఉండాలో గృహయజమానుల సంఘాల నియమాలు చెబుతాయి. పొరుగునున్న మేరీలాండ్ 2021లో చట్టం చేసి, పచ్చిక తివాచీయే ఉండి తీరాలని ఇటువంటి సంఘాలు నిర్బంధించకుండా అడ్డుకట్ట వేసింది.

సొంత పెరడు ఉన్నవారు చేయగలిగినది స్వల్పం. శరత్తులో కత్తెర పట్టకుండా, వసంతం వెచ్చబడే దాకా ఎండు కాడలను నిలబడనివ్వడం. రథసప్తమి వచ్చేది ఈ చలిలోనే. ఆనాడు ఆష్‌బర్న్‌లో జిల్లేడు ఆకు దొరకదు. దాని దాయాది మాత్రం బాట పక్కన ఎండి నిలబడి, తెరుచుకున్న డొల్లలో మిగిలిన నాలుగు గింజలను గాలికి వదులుతూ ఉంటుంది.