పక్షవాతం: మహిళలకు చికిత్స ఎక్కడ ఆలస్యమవుతోంది?

మూతి వంకరపోవడం, ఒక చెయ్యి లేదా కాలు పట్టు తప్పడం, మాట తడబడటం. ఆడవాళ్లకైనా, మగవాళ్లకైనా పక్షవాతం ప్రధాన లక్షణాలు ఇవే. మెదడు రక్తనాళంలో గడ్డ అడ్డుపడితే నిమిషానికి దాదాపు 19 లక్షల నాడీకణాలు చనిపోతాయని అంచనా. గడ్డను కరిగించే ఇంజెక్షన్‌ను లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి.

తేడా ఎంత?

ఈ ఇంజెక్షన్ అందే అవకాశం పురుషులతో పోలిస్తే మహిళలకు సుమారు 30 శాతం తక్కువని పలు అధ్యయనాలను కలిపి చూసిన 2009 విశ్లేషణ తేల్చింది. 2020లో వచ్చిన మరో విశ్లేషణలో ఈ తేడా సుమారు 13 శాతానికి తగ్గింది. అంటే తగ్గించగలిగిన తేడానే.

కారణాలేంటి?

* మహిళల్లో పక్షవాతం సగటున ఎక్కువ వయసులో వస్తుంది. భర్త పోయి ఒంటరిగా ఉండేవారిలో లక్షణాలను గమనించేవారు ఉండరు.
* తలనొప్పి, అయోమయం, నీరసం తోడైతే ఇంట్లోవాళ్లు ‘అలసట’ అనుకుంటారు. ఆస్పత్రిలోనూ వేరే జబ్బుగా పొరబడే ప్రమాదం ఉంది.
* గర్భంతో ఉన్నప్పుడు బీపీ పెరగడం, కాన్పు తర్వాత మెదడు సిరల్లో గడ్డకట్టడం మహిళలకే ఉన్న ముప్పులు. ఒంట్లో నీరు తగ్గితే గడ్డకట్టే ముప్పు పెరుగుతుంది. సీమ ఎండల్లో బాలింతలకు నీళ్లు తక్కువ ఇవ్వకూడదు.

దూరమూ సమస్యే

ఆదోని నుంచి కర్నూలు సర్వజన ఆస్పత్రికి దాదాపు వంద కిలోమీటర్లు. పులివెందుల నుంచి కడప రిమ్స్‌కు వెళ్లాలన్నా గంటకు పైగా పడుతుంది. మగవాళ్లు పొలం నుంచి వచ్చాక చూద్దామని ఆగితే ఆ నాలుగున్నర గంటలు ఇంట్లోనే అయిపోతాయి.

ఏం చేయాలి?

* వెంటనే 108కు ఫోన్ చేయండి. సీటీ స్కాన్ ఉన్న ఆస్పత్రికే తీసుకెళ్లమనండి.
* చివరిసారి ఎన్ని గంటలకు మామూలుగా ఉన్నారో రాసిపెట్టుకుని డాక్టరుకు చెప్పండి. నిద్రలో వచ్చిందేమో అనిపిస్తే పడుకున్న సమయం చెప్పండి.
* నోటితో మాత్రలు, నాటుమందు ఇవ్వొద్దు. రక్తస్రావమా, గడ్డా అన్నది స్కాన్‌లోనే తేలుతుంది.
* ఇటీవల కాన్పు అయితే ఆ మాట ముందే చెప్పండి.
* ‘పక్షవాతమేమో, స్కాన్ తీయండి’ అని అడగడానికి మొహమాటపడొద్దు.
* ఎన్టీఆర్ వైద్య సేవకు అవసరమైన కార్డులు వెంట ఉంచుకోండి. వాటిని వెతుకుతూ మాత్రం ఆగిపోవద్దు.