ఈ-లేఖలో తెలుగు లిపి: సంకేతీకరణ చరిత్ర, పాఠ పరిష్కరణ సమస్య

ఉపోద్ఘాతం

సాహిత్య చరిత్ర రచనలో లేఖలకు ప్రత్యేక స్థానం ఉంది. వ్యావహారిక భాషోద్యమాన్ని పరిశీలించేవారికి గురజాడ అప్పారావు ఉత్తరాలు ముఖ్యమైన ఆకరాలు. ఇటీవలి దశాబ్దాలలో రచయితలు, సంపాదకులు, పరిశోధకుల మధ్య ఉత్తరప్రత్యుత్తరాలు చాలావరకు ఈ-లేఖల రూపంలోకి మారాయి. రేపటి పరిశోధకునికి ఇవే ఆకరాలు కావలసి ఉంది.

కాగితపు ఉత్తరంలో రచయిత చేతివ్రాత ఉన్నదున్నట్లు గ్రహీతకు చేరుతుంది. ఈ-లేఖ అలా చేరదు. పంపేవారి సాఫ్ట్‌వేర్ అక్షరాలను సంఖ్యలుగా, ఆ సంఖ్యలను మరికొన్ని చిహ్నాలుగా మార్చి లేఖను కూరుస్తుంది. అందుకునేవారి సాఫ్ట్‌వేర్ ఆ కూర్పును విడదీసి తిరిగి అక్షరాలను నిలబెడుతుంది. అంటే చదువరి చూసేది మూలం కాదు, ఒక ప్రతి మాత్రమే. తాళపత్ర ప్రతులలో లేఖక దోషాలు ఉన్నట్లే ఈ ప్రతులలోనూ దోషాలు ఉంటాయి. అయితే ఇవి అలసట వల్లనో అజ్ఞానం వల్లనో కలిగినవి కావు; నియమబద్ధంగా ఏర్పడతాయి. ఆ నియమాలు ఎలా రూపొందాయో తెలిస్తే చెడిన పాఠాన్ని చాలావరకు పరిష్కరించవచ్చునని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

ఏడు బిట్ల హద్దు

1971లో రే టామ్లిన్‌సన్ ఒక కంప్యూటర్ నుండి మరొక కంప్యూటర్‌కు నెట్‌వర్క్ ద్వారా సందేశం పంపారు. ఈ-లేఖ స్వరూపాన్ని స్థిరపరచిన ప్రమాణ పత్రాలు 1982 ఆగస్టులో వెలువడ్డాయి. రవాణా పద్ధతిని జాన్ పోస్టెల్ ఆర్‌ఎఫ్‌సి 821లోను, లేఖ నిర్మాణాన్ని డేవిడ్ క్రాకర్ ఆర్‌ఎఫ్‌సి 822లోను నిర్వచించారు. లేఖకు రెండు భాగాలు. పంపినవారు, అందుకునేవారు, తేదీ, విషయం వంటి వివరాల పంక్తులు పైన ఉంటాయి. వీటికి హెడర్లని పేరు. ఆ తరువాత ఒక ఖాళీ పంక్తి, దాని కింద లేఖ దేహం. నేటికీ లేఖను విడదీసే ప్రతి సాఫ్ట్‌వేర్ మొదట వెదకేది ఆ ఖాళీ పంక్తినే.

ఈ కట్టడమంతా ఆస్కీ సంకేతావళి మీద నిలిచింది. ఏడు బిట్లతో ఏర్పడే ఆస్కీలో ఉన్నవి 128 స్థానాలు. రోమన్ అక్షరాలు, అంకెలు, విరామ చిహ్నాలు, కొన్ని నియంత్రణ సంకేతాలతో అవి నిండిపోయాయి. ఫ్రెంచి, జర్మను భాషల ప్రత్యేకాక్షరాలకే అందులో చోటు లేనప్పుడు తెలుగుకు ఉండే అవకాశమే లేదు.

ఈ హద్దుకు తెలుగువారు కనుగొన్న ఉపాయం లిప్యంతరీకరణ. 1990ల దశకంలో విదేశాలలోని తెలుగువారి మధ్య ఆర్‌టీఎస్ అనే రైస్ లిప్యంతరీకరణ పద్ధతి ప్రచారంలోకి వచ్చింది. రోమన్ లిపిలోని పెద్దబడి, చిన్నబడి అక్షరాల భేదాన్ని అది వర్ణభేదానికి వినియోగించుకుంది. చిన్నబడి టీ తకారానికి, పెద్దబడి టీ టకారానికి. చిన్నబడి ఎల్ లకారానికి, పెద్దబడి ఎల్ ళకారానికి గుర్తులు. ‘కల’, ‘కళ’ అనే మాటల మధ్య తేడా కేవలం ఒక అక్షరపు బడిలో ఉంటుంది. ఆనాటి లేఖలను ముద్రించేటప్పుడు వాక్యారంభంలో పెద్దబడి అక్షరం ఉండాలన్న ఆంగ్ల సంప్రదాయం ప్రకారం ఎవరైనా సవరిస్తే, అది సవరణ కాదు, పాఠభేదమే అవుతుంది.

మైమ్ ప్రమాణం

ఆస్కీ హద్దును దాటించిన ప్రమాణం మైమ్. నథానియల్ బోరెన్‌స్టైన్, నెడ్ ఫ్రీడ్ రూపొందించిన ఈ ప్రమాణం 1992 జూన్‌లో ఆర్‌ఎఫ్‌సి 1341గా వెలువడింది. హెడర్లలో ఆస్కీయేతర అక్షరాలను పొందుపరిచే విధానాన్ని కీత్ మూర్ ఆర్‌ఎఫ్‌సి 1342లో వివరించారు. 1996 నవంబరులో ఇవి 2045 నుండి 2049 వరకు ఐదు పత్రాలుగా సంస్కరింపబడ్డాయి.

మైమ్ పాత రవాణా మార్గాన్ని మార్చలేదు. ఏడు బిట్ల మార్గం మాత్రమే తెలిసిన యంత్రాలు లోకమంతటా ఉన్నందున, కొత్త సరుకును పాత సంచిలో పట్టేలా మూటకట్టే దారిని ఎంచుకుంది. బేస్64 పద్ధతిలో ప్రతి మూడు బైట్లు నాలుగు చిహ్నాలవుతాయి. 52 రోమన్ అక్షరాలు, 10 అంకెలు, మరి రెండు గుర్తులు కలిసి ఆ 64 చిహ్నాలు. కోటెడ్ ప్రింటబుల్ పద్ధతిలో ఆస్కీ అక్షరాలు అలాగే ఉంటాయి. తక్కిన ప్రతి బైటు ఒక సమాన చిహ్నం, రెండు షోడశాంశ అంకెలుగా మారుతుంది. లేఖ ఏ మూటకట్టు పద్ధతిలో ఉన్నదో, మూట విప్పిన తరువాత బైట్లను ఏ సంకేతావళి ప్రకారం చదవాలో హెడర్లే చెబుతాయి. ఈ రెండు ప్రకటనలలో ఏది తప్పినా చదువరికి అందేది అర్థం లేని గుర్తుల వరుస.

తెలుగు విషయంలో రెండవ ప్రకటన చాలాకాలం తప్పుగానే ఉంది. యూనికోడ్ వ్యాప్తికి ముందు వాడిన అనేక తెలుగు ఫాంట్లు రోమన్ సంకేతాల స్థానాలలో తెలుగు ఆకారాలను కూర్చాయి. లేఖ హెడరు తనను పాశ్చాత్య సంకేతావళిగా ప్రకటించుకుంటుంది. తెలుగుతనం ఫాంటులో మాత్రమే ఉంటుంది. అటువంటి లేఖకు ఆ ఫాంటు పేరు తెలియకపోతే పాఠం లేనట్లే.

యూనికోడ్, మూడు బైట్ల తెలుగు

1991లో వెలువడిన యూనికోడ్ తొలి కూర్పులోనే తెలుగుకు 128 స్థానాల విభాగం దక్కింది. 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ రూపొందించిన యూటీఎఫ్-8 ప్రకారం తెలుగు సంకేతం ప్రతిదీ మూడు బైట్లు. మొదటిది ఎప్పుడూ 224. రెండవది 176 గాని 177 గాని. మూడవది 128 నుండి 191 లోపు.

‘తెలుగు’ అనే మాటలో త, ఎత్వం, ల, ఉత్వం, గ, ఉత్వం అని ఆరు సంకేతాలు ఉన్నాయి. యూటీఎఫ్-8లో అవి 18 బైట్లు. బేస్64లో 24 చిహ్నాలు. కోటెడ్ ప్రింటబుల్‌లో 54. తెలుగు సంకేతానికి మూడు బైట్లు, బేస్64 వర్గానికీ మూడు బైట్లే కావడం వల్ల ఒక విశేషం ఏర్పడింది. మాట మూట మొదట్లోనే ఉంటే, దానిలోని ప్రతి తెలుగు సంకేతం విడిగా నాలుగు చిహ్నాల వర్గమవుతుంది. ప్రతి వర్గం 4 అంకెతో మొదలై, పెద్దబడి ఎల్‌తో కొనసాగుతుంది. విప్పని మూటలో తెలుగు ఉన్నదని గుర్తించడానికి ఇది తొలి ఆనవాలు.

అక్షరం అంటే ఏది?

విషయ పంక్తి వంటి హెడర్లకు 2047వ పత్రం మరొక నిబంధన పెట్టింది. సంకేతీకరించిన ఒక్కొక్క ఖండం 75 చిహ్నాలు మించరాదు. పలు బైట్ల అక్షరాన్ని రెండు ఖండాల మధ్య చీల్చరాదు. యూటీఎఫ్-8, బేస్64 ప్రకటనలకు 12 చిహ్నాలు పోగా మిగిలేవి 63. నాలుగేసి వర్గాలుగా వాడుకోదగినవి 60. అంటే 45 బైట్లు, 15 తెలుగు సంకేతాలు.

‘తెలుగు విశ్వవిద్యాలయం’ అనే విషయ పంక్తిని కూర్చడం చూడవచ్చు. ‘తెలుగు’కు 18 బైట్లు, మాటల మధ్య ఖాళీకి ఒకటి పోగా మొదటి ఖండంలో 26 బైట్లు మిగులుతాయి. వాటిలో ఎనిమిది సంకేతాలు పడతాయి: వ, ఇత్వం, శ, పొల్లు, వ, వ, ఇత్వం, ద. ఖండం అక్కడ ముగుస్తుంది. రెండవ ఖండం పొల్లు గుర్తుతో మొదలవుతుంది. నిబంధన అక్షరాలా పాటింపబడింది. కాని ‘ద్యా’ అనే అక్షరం రెండు ముక్కలైంది.

ప్రమాణం దృష్టిలో అక్షరమంటే ఒక సంకేతం. తెలుగు వ్యాకరణ, ఛందస్సంప్రదాయంలో అక్షరమంటే అచ్చుతో కూడిన ఉచ్చారణాంశం. మైమ్ కర్తలు బైట్ల వరుసను గురించి ఆలోచించారే గాని సంయుక్తాక్షరాన్ని గురించి కాదు. పక్కపక్కనున్న ఖండాల నడుమ ఉండే ఖాళీని విస్మరించి వాటిని కలిపి చదవాలని అదే పత్రం ఆదేశించింది. ఆ ఆదేశాన్ని పాటించే సాఫ్ట్‌వేర్‌లో ‘ద్యా’ తిరిగి కూడుకుంటుంది. పాటించని దానిలో ‘విశ్వవిద’ అన్న మాట, ఒక ఖాళీ, ఆధారం లేని పొల్లుతో మొదలయ్యే ‘యాలయం’ మిగులుతాయి. పాత లేఖల విషయ పంక్తులలో మాట నడుమ అకారణంగా ఖాళీ కనబడితే, అది రచయిత విరుపు కాదని, ఖండాల సంధి కావచ్చునని గుర్తించాలి.

పోయిన బైటు, ఛందస్సు సాక్ష్యం

అన్నిటికంటె తరచు కనబడే దోషం యూటీఎఫ్-8 బైట్లను విండోస్-1252 అనే పాశ్చాత్య సంకేతావళిగా చదవడం. అప్పుడు ప్రతి తెలుగు సంకేతమూ నెత్తిన వాలుగీత గల రోమన్ ఏ అక్షరంతో మొదలవుతుంది. దాని పక్కన ఉష్ణోగ్రతల డిగ్రీ గుర్తు గాని, కూడిక తీసివేతల జంట గుర్తు గాని ఉంటుంది. ఇవి 224, 176, 177 బైట్ల మారురూపాలు. బైట్లన్నీ నిలిచి ఉన్నంతవరకు ఇది దోషం కాదు, వేషం మాత్రమే. అదే మార్గంలో వెనక్కి నడిస్తే తెలుగు బయటపడుతుంది.

చిక్కు మరొక చోట ఉంది. విండోస్-1252లో 129, 141, 143, 144, 157 అనే ఐదు స్థానాలకు అక్షరం లేదు. కొన్ని సాఫ్ట్‌వేర్లు ఆ బైట్లను తొలగిస్తాయి. కొన్ని ప్రశ్నార్థకాన్ని ఉంచుతాయి. ఉత్వం మూడవ బైటు 129. పొల్లు మూడవ బైటు 141. అజంత భాషగా పేరొందిన తెలుగులో పదాంతాన విరివిగా వచ్చే ఉకారం, సంయుక్తాక్షరాలన్నిటికీ ఆధారమైన పొల్లు, ఈ రెండూ ఆ శూన్యంలో పడ్డాయి.

అయినా మొదటి రెండు బైట్లు సాక్ష్యంగా మిగులుతాయి. 177 తరువాత లోపముంటే అక్కడ ఉండదగినవి సాధారణంగా రెండే: ఉత్వం లేదా పొల్లు. 176 తరువాత లోపముంటే అరసున్న, ఏ, ఐ, ఝ అనే నాలుగింటిలో ఒకటి. కంటికి కనబడని గుర్తులుగా మారే ఠ, భ కూడా నకలు తీయడంలో జారిపోవచ్చు గనుక వాటినీ పరిశీలించాలి. ఇక్కడి నుండి పని కంప్యూటర్‌ది కాదు, భాషాపండితునిది.

‘తెలుగు’ అనే మాటే చెడిందనుకొంటే త, ఎత్వం, ల, గ నిలిచి, రెండు చోట్ల లోపం ఏర్పడుతుంది. సాధ్యమైన నాలుగు పాఠాలలో భాష అంగీకరించేవి ‘తెలుగు’, ‘తెల్గు’. వచనంలో మొదటిదే గ్రాహ్యమని చెప్పవచ్చు. లేఖలో ఉదాహరించింది పద్యమైతే ఛందస్సును అడగాలి. ‘తెలుగు’ మూడు లఘువులు. ‘తెల్గు’ గురువు, లఘువు. ఉత్పలమాల, చంపకమాల వంటి వృత్తాలలో గురులఘు స్థానాలు నియతం కనుక రెండింటిలో ఒకటే నిలుస్తుంది. ఆటవెలది, తేటగీతులలో సూర్యగణ స్థానంలో ఈ మాట పడితే ఛందస్సు తీర్పు చెప్పలేదు. నగణం, గలం రెండూ సూర్యగణాలే. అక్కడ పరిష్కర్త కవి ఇతర ప్రయోగాలను ఆశ్రయించి, రెండవ పాఠాన్ని అధోజ్ఞాపికలో చూపవలసి ఉంటుంది.

ముగింపు

2012 ఫిబ్రవరిలో వెలువడిన 6531, 6532 పత్రాలు హెడర్లలో యూటీఎఫ్-8ను మూటకట్టకుండానే పంపడానికి దారి తీశాయి. ఆ మార్గాన్ని అంగీకరించే యంత్రాల మధ్య ఖండాల సమస్య తొలగుతుంది. కాని అంతకుముందు రాసిన లేఖలు పాత నియమాల ముద్రతోనే ఉంటాయి.

ఈ చరిత్ర నుండి భద్రపరచే విధానానికి సంబంధించి ఒక నిర్ణయం తేలుతుంది. రచయితల ఈ-లేఖలను సేకరించే సంస్థలు తెరమీద కనబడిన పాఠాన్ని నకలు చేసుకోవడం, కాగితంపై ముద్రించుకోవడం చాలదు. హెడర్లతో సహా విప్పని మూల సందేశాన్ని భద్రపరచాలి. మూటకట్టు పద్ధతి, సంకేతావళి ప్రకటన, ఖండాల హద్దులు, నిలిచిన బైట్లు అందులోనే ఉంటాయి. తెర నకలులో 177వ బైటు మారురూపం కూడా చెరిగిపోయి ఒక ప్రశ్నార్థకం మాత్రమే మిగిలితే, అక్కడ ఉండినది ఉత్వమా, పొల్లా, మరేదైనా హల్లా అన్న విచారణకు ఆధారమే ఉండదు. తాళపత్రం శిథిలమైన చోట పరిష్కర్త చుక్కలు పెట్టి ఊరుకుంటాడు. ఈ-లేఖ మూలం నిలిచి ఉన్నచోట ఆ చుక్కలను అక్షరాలుగా మార్చే అవకాశం తెలుగు పరిశోధకుని చేతిలో ఉంది.