ఆళ్లగడ్డ లెక్కింపు: లేని అభ్యర్థికి పడిన ఓట్లు

ఓట్ల లెక్కింపు మీద వివాదం వచ్చినప్పుడు అభ్యర్థి ఎవరు, ఎలాంటివారు అన్న విషయం ఓటు చెల్లుబాటును నిర్ణయించకూడదన్న సూత్రానికి రాయలసీమలో ఎదురైన అతి కఠినమైన పరీక్ష 2014 నాటి ఆళ్లగడ్డ ఎన్నిక. వైఎస్సార్ కాంగ్రెస్ అభ్యర్థిని శోభా నాగిరెడ్డి ఏప్రిల్ 23 రాత్రి నంద్యాలలో ప్రచారం ముగించుకొని ఇంటికి తిరిగి వెళ్తూ రోడ్డు ప్రమాదంలో తీవ్రంగా గాయపడి, మరునాడు హైదరాబాద్‌లో కన్నుమూశారు. పోలింగు తేదీ మే 7.

ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థి పోలింగుకు ముందు మరణిస్తే ఎన్నిక వాయిదా పడుతుంది, మరొకరిని నిలబెట్టుకోవడానికి ఆ పార్టీకి ఏడు రోజుల గడువు దొరుకుతుంది. గుర్తింపు అంటే గత ఎన్నికల్లో వచ్చిన ఓట్లు, సీట్లను బట్టి ఎన్నికల సంఘం ఇచ్చే హోదా. అప్పటికి వైఎస్సార్ కాంగ్రెస్ నమోదైన పార్టీయే గాని గుర్తింపు పొందినది కాదు కనుక వాయిదాకు తావు లేకపోయింది. ఒక నియోజకవర్గంలో ప్రధాన పోటీదారుగా ఉన్న పార్టీని స్వతంత్రుల వరసలో చేర్చిన ఈ నిబంధన ఆ సందర్భంలో న్యాయమైనదని అనలేము. బ్యాలట్ యూనిట్ మీద ఆమె పేరు, దాని పక్కన ఫ్యాను గుర్తు, నీలిరంగు మీట ఎప్పటిలాగే ఉండిపోయాయి. ఆ మీట నొక్కితే ఓటు చెల్లుతుందా అన్న సందేహం రేగగా, ఆమెకే ఎక్కువ ఓట్లు వస్తే గెలిచినట్టు ప్రకటించి, ఆపై ఉపఎన్నిక జరుపుతామని ఎన్నికల సంఘం స్పష్టం చేసింది. మే 16న లెక్కింపు ముగిసేసరికి ఆమె మెజారిటీ 17,928.

చట్టం అభ్యర్థి గుణగణాలను పట్టించుకోదని దీని అర్థం కాదు. ప్రత్యర్థి వ్యక్తిగత శీలం మీద తెలిసి తెలిసి అబద్ధం ప్రచారం చేయడాన్ని 123వ సెక్షన్ అవినీతి చర్యగా పరిగణిస్తుంది. కాని దాన్ని తేల్చే చోటు హైకోర్టు, ఫలితం వెలువడిన 45 రోజుల్లోగా వేసే ఎన్నికల పిటిషన్ ద్వారా. లెక్కింపు బల్ల దగ్గర నడిచేది అంకెల మాటే. ఫలితాల పత్రం మీద సంతకం పడకముందే అభ్యర్థి గాని ఏజెంటు గాని కారణాలు చూపి రాతపూర్వకంగా రీకౌంటింగ్ కోరాలి, ఒప్పుకున్నా తోసిపుచ్చినా రిటర్నింగ్ అధికారి ఎందుకో రాసి పెట్టాలి. 1989లో అనకాపల్లి లోక్‌సభ స్థానాన్ని 9 ఓట్లతో గెలిచిన కొణతాల రామకృష్ణకూ, 1991 నంద్యాల ఉపఎన్నికలో 5.80 లక్షల మెజారిటీ తెచ్చుకున్న ప్రధాని పి.వి. నరసింహారావుకూ వర్తించిన నిబంధన ఇదొక్కటే. అయితే నంద్యాలలో ఆ అంకె వెనుక మరో సంగతి ఉంది: తెలుగువాడు ప్రధాని అయ్యాడన్న గౌరవంతో ఎన్.టి. రామారావు తెలుగుదేశం అభ్యర్థినే నిలబెట్టలేదు. ఆ నిర్ణయంలోని ఔదార్యాన్ని మెచ్చుకోవలసిందే, కాని ఆ మేరకు ఓటరుకు ఎంపిక తగ్గిందన్నదీ నిజమే.

ఆళ్లగడ్డలోనూ చివరికి జరిగింది అదే. తల్లి స్థానానికి పోటీ చేసిన భూమా అఖిలప్రియ మీద తెలుగుదేశం ఎవరినీ నిలపలేదు, 2014 ఉపఎన్నిక ఏకగ్రీవమైంది. మే నెలలో బతికిలేని మనిషి పేరు పక్కన మీట నొక్కి వచ్చిన ఓటర్లకు ఈసారి పోలింగు కేంద్రం గడప తొక్కే పనే పడలేదు.