కన్యాశుల్కము: చెప్పని తీర్పు

1907లో టాటా ఇనుము ఉక్కు కంపెనీ ఏర్పడినది. 1909లో గురజాడ అప్పారావుగారి కన్యాశుల్క నాటకం రెండవ కూర్పు వెలువడినది. 1912లో సాక్చి కర్మాగారంలో మొదటి ఉక్కు దిమ్మ తయారైనది. 1919లో సాక్చి జంషెడ్‌పూర్ అయినది. కాలీమాటి స్టేషను టాటానగర్ అయినది. నాటకానికీ, కర్మాగారానికీ పైకి ఏ సంబంధమూ కనిపించదు. కాని ఆ కొలుముల చుట్టూ వెలసిన పట్టణానికి పని వెతుకుకొంటూ పోయిన తెలుగువారిలో పెక్కుమంది నాటి గంజాం, విశాఖపట్నం జిల్లాలవారు. గురజాడ పాత్రల నోట వినిపించిన పలుకుబడి వారి ఇండ్లలోని పలుకుబడియే. ఊరు విడిచిన వారి కథకు ముగింపు ముందుగా ఎవరికీ తెలియదు. కన్యాశుల్కం కూడ తన మనుషులను అట్టి స్థితిలోనే విడిచిపెట్టిన నాటకం. ఆ ముగింపును తెలుగువారు ఎట్లు చదువుకొన్నారన్నది మన సాహిత్య చరిత్రలో విచారింపదగిన విషయం.

సంస్కృత నాటకానికి నిర్వహణసంధి ఉన్నది. ముఖసంధిలో నాటిన బీజం అక్కడ ఫలించవలెను, చిక్కులన్నీ విడిపోవలెను, భరతవాక్యంతో లోకానికి శుభం పలుకవలెను. శూద్రకుని మృచ్ఛకటికం ఇందుకు మంచి ఉదాహరణ. వసంతసేనను చంపినాడన్న నేరం చారుదత్తునిపై పడుతుంది. ఆమె ప్రాణాలతో తిరిగి వస్తుంది. చారుదత్తుడు విడుదలై, వేశ్య వధూపదం పొందుతుంది. సామాజికునికి ఏ సందేహమూ మిగలదు.

కన్యాశుల్కంలో కూడ హత్యానేరం ఉన్నది, చనిపోనివారు ఉన్నారు, వేశ్య ఉన్నది. ఆడవేషంలో వచ్చి లుబ్ధావధాన్లను పెండ్లాడిన శిష్యుడు మాయమైనందున, పెండ్లికూతురిని చంపించినాడన్న నేరం ఆ వృద్ధునిపై పడుతుంది. నిజం తెలిసిన మధురవాణి పురుషవేషంతో విశాఖపట్నంలోని సౌజన్యారావు పంతులు ఇంటికి వచ్చి, ఆ నిజాన్ని బయటపెడుతుంది. ఇంతవరకు పోలిక ఉన్నది. ఆపైన దారులు వేరు. న్యాయస్థానం తీర్పు మనకు వినిపించదు. మధురవాణి భగవద్గీత పుచ్చుకొని నిలుస్తుంది. రేపటి నుంచి ఆమె ఎక్కడ, ఎట్లు బ్రదుకుతుందో నాటకం చెప్పదు. బుచ్చమ్మను పూనాలోని వితంతు శరణాలయానికి పంపుతానని సౌజన్యారావు అంటాడు. చదువుకొన్న పిమ్మట ఆమె తనకు నచ్చినవానిని పెండ్లాడవచ్చును. గిరీశం వెళ్లిపోవలసి వస్తుంది. భరతవాక్యం పలుకవలసిన చోట, దెబ్బతిన్న ఒక వంచకుని విసుగుమాట వినిపించి తెర పడుతుంది.

ఇది అజాగ్రత్త వల్ల కలిగినది కాదు. ఈ నాటకం మొదట 1892 ఆగస్టు 13న విజయనగరంలో జగన్నాథ విలాసినీ సభ వారి ప్రదర్శనగా రంగమెక్కినది. 1897లో అచ్చయినది. పండ్రెండేండ్ల తరువాత గురజాడ దానిని ఇంచుమించు కొత్త నాటకమన్నట్లు తిరిగి వ్రాసినాడు. కొండుభట్టీయం, బిల్హణీయం అసంపూర్ణంగా మిగిలిన రచనలు. కన్యాశుల్కం అట్టిది కాదు. రచన పూర్తి అయినది. జీవితాలే పూర్తి కాలేదు.

ఆనాటి సంఘచరిత్రను చూచిన, ఇందుకు కారణం కొంత బోధపడుతుంది. విశాఖపట్నం జిల్లాలో మూడేండ్లలో జరిగిన 1034 కన్యాశుల్క వివాహాల పట్టికను గురజాడ తొలికూర్పు పీఠికలో ప్రస్తావించినాడు. వితంతు వివాహ చట్టం 1856లోనే వచ్చినది. వీరేశలింగం పంతులుగారు 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో తొలి వితంతు వివాహం జరిపించినారు. కనుక బుచ్చమ్మను పెండ్లిపీటల మీద కూర్చుండబెట్టి నాటకం ముగించుట సులభమైన పని. అది సంస్కరణ నాటకమని మెప్పు పొందుటకు చాలును. కాని ఆ పీట మీద పక్కన కూర్చుండవలసినవాడు గిరీశం. పూనాలో అప్పటికే మరొక దారి తెరచి ఉన్నది. పండిత రమాబాయి శారదాసదనం 1890లో బొంబాయి నుంచి అక్కడికి తరలివచ్చినది. 1896లో కర్వే వితంతువుల కొరకు సంస్థ నెలకొల్పినాడు. చదువు ముందు, పెండ్లి తరువాత, ఎంపిక ఆమెది. బుచ్చమ్మ భవిష్యత్తును గురజాడ నిర్ణయించకపోవుట ఆమె తరఫున నిర్ణయించే అధికారం తండ్రికి గాని, సంస్కర్తకు గాని, తుదకు నాటకకర్తకు గాని లేదనుటయే.

పాఠకులు ఈ ఖాళీని పలువిధాల నింపినారు. సంస్కరణ విజయమే ముగింపు అన్నవారు కొందరు. సౌజన్యారావును నాటకానికి నీతికేంద్రంగా నిలిపినవారు వారు. మధురవాణి ముందు ఆ సౌజన్యారావు నీతియే పరీక్షకు నిలిచినదన్నవారు మరికొందరు. 2007లో ఆంగ్లానువాదాన్ని ప్రకటించిన వెల్చేరు నారాయణరావుగారు దీనిని కేవల సంస్కరణ నాటకంగా చదువుట చాలదని వాదించినారు. విమర్శకులతో ఆగక, రచయితలు ఆ పాత్రలను నాటకం వెలుపలికే పిలుచుకొన్నారు. ముళ్లపూడి వెంకటరమణ గిరీశం చేత లెక్చర్లు ఇప్పించినాడు. పురాణం సుబ్రహ్మణ్యశర్మ మధురవాణి చేత సాహితీవేత్తలను ఇంటర్వ్యూలు చేయించినాడు. పెన్నేపల్లి గోపాలకృష్ణ ఆమె ఊహాత్మక ఆత్మకథను వ్రాసినాడు. తీర్పు చెప్పి మూసివేసిన నాటకంలోని మనుషులకు ఇట్టి మరుజన్మలు అరుదు.

లోకంలో ఈ తగవు కొత్తది కాదు. 1879లో ఇబ్సెన్ నాటకంలో నోరా తలుపు మూసి వెళ్లిపోయినప్పుడు, ఆమె ఏమవుతుందన్న ప్రశ్న ప్రేక్షకులను కలవరపెట్టినది. 1880లో జర్మన్ రంగస్థలం కొరకు ఆమె ఇల్లు విడువని మరొక ముగింపును ఇబ్సెన్ ఇష్టం లేకయే వ్రాసి ఇచ్చినాడు. నిలిచినది మాత్రం మొదటిదే. 2007 జూన్ 10న అమెరికా టెలివిజనులో ‘ది సోప్రానోస్’ ధారావాహిక చివరి దృశ్యం నడిమధ్యలో తెగి, తెర నల్లబడినది. తమ ఇంటి ప్రసారమే చెడిపోయినదని చాలమంది భ్రమపడినారు. నాయకుడు చచ్చినాడా, బ్రదికినాడా అన్న వాదం ఆపైన ఏండ్ల తరబడి సాగినది. సాధనం మారినది, ప్రేక్షకుని ఆరాటం మారలేదు.

అయితే ఆ ప్రశ్నకూ, బుచ్చమ్మను గురించిన ప్రశ్నకూ భేదమున్నది. మొదటిది ఏమి జరిగినదన్న కుతూహలం. రెండవది ఏమి జరుగనిత్తుమన్న బాధ్యత. విజయనగరంలో చదివినా, టాటానగర్‌లో చదివినా, పూనాకు పోయిన పిల్ల చదువుకొన్నదా, తన మాట చెల్లించుకొన్నదా అని అడిగే పాఠకుడు నాటకాన్ని గాక తన సంఘాన్నే ప్రశ్నిస్తున్నాడు. పరాయి నేలలో స్థిరపడిన తెలుగు కుటుంబంలో ఆడపిల్ల చదువు, పెండ్లి, ఇంటిభాష అన్న మూడూ ప్రతి తరంలోను తిరిగి తేల్చుకోవలసిన విషయాలే. గురజాడ వాటికి జవాబు వ్రాసి పెట్టి ఉన్నచో, ఆ జవాబు 1909తోనే పాతబడి ఉండేది.