అక్షరం, అంకె, అస్తిత్వం: ముస్తాబాద్ వాహనాల నంబరు ప్లేట్లు

రాజ్య చిహ్నాలపై చర్చ సాధారణంగా రాజముద్ర వద్దనో, విగ్రహం వద్దనో ఆగిపోతుంది. ప్రాంతీయ అస్తిత్వం నిత్యజీవితంలో అంతకన్న సన్నిహితంగా నమోదైన చోటు వాహనపు నంబరు ప్లేటు. ముస్తాబాద్ ఇందుకు తగిన ఉదాహరణ. ఉమ్మడి రాష్ట్రపు చివరి దశాబ్దాలలో ఈ మండలం కరీంనగర్ జిల్లాలో భాగం కనుక ఇక్కడి వాహనాల గుర్తు ‘ఏపీ 15’. 2014లో తెలంగాణ ఏర్పడిన తరువాత కొత్త వాహనాలకు అది ‘టీఎస్ 02’ అయింది. 2016 అక్టోబరు 11న రాజన్న సిరిసిల్ల జిల్లా అవతరించాక ‘టీఎస్ 23’. 2024 మార్చి నుంచి ‘టీజీ 23’.

మలిదశ ఉద్యమంలో తెలంగాణవాదులు ‘ఏపీ’ని చెరిపి ‘టీజీ’ అని తామే రాసుకున్నారు. చట్టం దృష్టిలో అది ఉల్లంఘన. ఇంకా ఏర్పడని రాష్ట్రాన్ని రోడ్డుపైకి తెచ్చిన ఆ రాత, ఎదురైన పోలీసుకూ బాటసారికీ యజమాని పక్షమేదో క్షణంలో తెలిపేది. రాష్ట్రం వచ్చాక ప్రభుత్వం ‘టీఎస్’ను ఎంచుకోగా, పదేళ్లకు కాంగ్రెస్ ప్రభుత్వం ఉద్యమ స్మృతి పేరిట ‘టీజీ’ని స్వీకరించింది. అక్షరాలు అవే అయినా, జరిమానాకు తెగించి రాసుకున్న నాటి బరువు రవాణా శాఖ కేటాయింపుకు రాదు.

రాజకీయ వివాదమంతా అక్షరాల చుట్టూ తిరిగింది. ముస్తాబాద్ వరకు అంకెలదే పెద్ద మార్పు. 02 కరీంనగర్‌తో పాత బంధాన్ని కొనసాగించింది; 23 సిరిసిల్లను కేంద్రంగా నిలిపింది. 2024 మార్పు కొత్త వాహనాలకే వర్తించినందున పాత ప్లేట్లు తొలగిపోలేదు. యజమాని ఊరు కదలకపోయినా, అతడు ఏ జిల్లావాడో బండి కొన్న సంవత్సరమే చెబుతోంది.