ఊరి పొద్దు, దేశపు గంట



యానాంలో వింటున్నవారికీ, బరంపురంలో, బళ్ళారిలో, షోలాపూర్‌లో వింటున్నవారికీ ఈ క్షణాన గడియారం చూపించేది ఒకే సమయం. పొద్దు మాత్రం అలా కాదు. భూమి ఒక డిగ్రీ తిరగడానికి 4 నిమిషాలు పడుతుంది. అందుచేత బరంపురంలో సూర్యుడు నడినెత్తికి వచ్చాక 35 నిమిషాలకు గాని షోలాపూర్‌లో నడినెత్తికి రాడు. మరి ఇన్ని ఊళ్ళకూ ఒకే గంట ఎలా వచ్చింది? ఆ కథే ఈనాటి ప్రసంగం.

పూర్వం ఏ ఊరి పొద్దు ఆ ఊరిదే. రైలు వచ్చాక అది కుదరలేదు. బొంబాయి గడియారానికీ కలకత్తా గడియారానికీ గంటకు పైగా తేడా. ఏ ఊరి లెక్కన బండి నడపాలి? ఈ రెంటికీ దాదాపు నడుమ ఉన్నది మద్రాసు. అక్కడ 1792 నాటి వేధశాల ఉండేది. నక్షత్రాలను చూసి అక్కడ సరిచేసిన సమయం తంతి తీగల మీద స్టేషన్లకు చేరేది. అలా 1870 ప్రాంతం నుంచి రైళ్ళన్నీ మద్రాసు కాలం మీద నడిచాయి. గ్రీనిచ్ కంటే 5 గంటల 21 నిమిషాలు ముందున్న కాలం అది.

1906 జనవరి 1న రైళ్ళు, తంతి కార్యాలయాలు భారత ప్రామాణిక కాలంలోకి మారాయి. తూర్పు రేఖాంశం 82న్నర డిగ్రీలు దానికి ఆధారం. ఆ రేఖ యానాంకు కాస్త తూర్పుగా పోతుంది. కనుక యానాం పొద్దుకూ గడియారానికీ సగటున నిమిషం పైచిలుకే తేడా. బళ్ళారిలో 22 నిమిషాలు, షోలాపూర్‌లో 26 నిమిషాలు పొద్దు వెనకబడి ఉంటుంది. బరంపురంలో 9 నిమిషాలు ముందుంటుంది.

మద్రాసువారు గడియారాన్ని 9 నిమిషాలు ముందుకు తిప్పితే సరిపోయింది. బొంబాయివారు 39 నిమిషాలు తిప్పాలి. మిల్లు కూత అదే అంకెకు కూస్తే, కూలివాడు ఇంకా చీకటి ఉండగానే ఇల్లు వదలాలి. 1906 జనవరిలోనే అక్కడి మిల్లు కార్మికులు ఎదురుతిరిగారు. కలకత్తా 1948 దాకా, బొంబాయి నగరపాలక సంస్థ 1955 దాకా తమ పాత కాలాన్ని వదల్లేదు. వారి పట్టుదలను వెర్రి అనుకోకండి. గంట మారితే మారేది మనిషి నిద్ర, తిండి, పని.

తరువాత ఆ గంటను ఇంటింటికీ తెచ్చింది రేడియో. వార్తల ముందు వచ్చే బీప్ శబ్దాలకు చేతి గడియారం సరిచేసుకున్నవారు మీలో ఎందరో ఉంటారు. ఇప్పుడు ఆ పని కంప్యూటర్లు తమలో తామే చేసుకుంటున్నాయి.

కంప్యూటర్‌లోనూ ఒక గడియారం ఉంటుంది. క్వార్ట్జ్ స్ఫటికం దాన్ని నడుపుతుంది. వేడికీ చలికీ అది కొంచెం తప్పుతుంది. లక్షలో ఒక వంతు తప్పినా రోజుకు దాదాపు ఒక సెకను. ఇందుకోసం అమెరికాలో డేవిడ్ మిల్స్ అనే శాస్త్రవేత్త నెట్‌వర్క్ టైం ప్రోటోకాల్ అనే పద్ధతిని రూపొందించి 1985లో ప్రకటించారు. మన యంత్రం సమయం చెప్పే సర్వర్‌కు ప్రశ్న పంపుతుంది. పంపిన వేళ, అది అక్కడ చేరిన వేళ, జవాబు బయలుదేరిన వేళ, మనకు చేరిన వేళ, ఈ నాలుగూ లెక్కలోకి వస్తాయి. దారిలో పట్టిన కాలంలో సగం పోకకు, సగం రాకకు అనుకుని మన గడియారం ఎంత తప్పిందో తేల్చుకుంటుంది.

మీరు చేయవలసింది కొంచెమే. తేదీ, సమయం అమరికలోకి వెళ్ళి భారత కాలాన్ని ఎంచుకోండి. సమయం దానంతట అదే సరిచేసుకునే ఏర్పాటును ఆన్ చేయండి. ఈ రెండూ అవసరమే. సర్వర్ పంపేది ప్రపంచ కాలం. దానికి ఐదున్నర గంటలు కలిపేది మన యంత్రం. ప్రాంతం తప్పు ఎంచుకుంటే గడియారం ఎంత కచ్చితంగా నడిచినా తెరమీద గంట తప్పే.

ఒక్క సెకనుకు ఇంత హడావుడి ఎందుకంటారా? రైలు టికెట్టు ఎవరు ముందు అడిగారు, బ్యాంకులో డబ్బు ముందు పడిందా తీశారా, ఇవన్నీ యంత్రాలు వేసిన సమయాన్ని బట్టే తేలుతాయి. రెండు యంత్రాలు రెండు మాటలు చెబితే న్యాయం ఎవరిది? అందుకే మన దేశంలోని సంస్థలు తమ కంప్యూటర్లను జాతీయ భౌతిక ప్రయోగశాల సమయానికో, జాతీయ సమాచార కేంద్రం సమయానికో కలిపి ఉంచాలని 2022లో ప్రభుత్వ ఆదేశం వచ్చింది. ఢిల్లీలోని ఆ ప్రయోగశాలలో పరమాణు గడియారాలు ఉన్నాయి.

ఇందులో ఒక మంచి పద్ధతి ఉంది. తేడా చిన్నదైతే గడియారాన్ని ఒక్కసారిగా దూకించరు. కాస్త వేగంగానో నెమ్మదిగానో నడిపి మెల్లగా కలుపుతారు. 1906లో బొంబాయి కూలివాడికి ఆ వెసులుబాటు దొరకలేదు. విండోస్ కంప్యూటర్లలో మన కాలానికి ఎదురుగా చెన్నై, కోల్‌కతా, ముంబై, న్యూఢిల్లీ అని పేర్లు వరసగా కనిపిస్తాయి. ఒకప్పుడు ఎవరి గంట వారిదని పట్టుబట్టిన ఊళ్ళు ఇప్పుడు ఒకే వరుసలో ఉన్నాయి. మీరు ఈసారి ఆ పేరును ఎంచుకునేటప్పుడు, ఆ వరుస వెనక ఉన్న ఈ కథను ఒకసారి తలచుకోండి.