దుకాణ ద్వారం వద్ద హెచ్చరిక యాంటెన్నా: పనితీరు, శ్రుతి, పరీక్ష

పెద్ద వస్త్ర దుకాణాలు, సూపర్ మార్కెట్ల ద్వారాలకు ఇరువైపులా నిలువు పలకల వలె కనిపించే పరికరాలను చౌర్య నిరోధక యాంటెన్నాలు అంటారు. బిల్లు చెల్లించని వస్తువుపై ఉన్న ట్యాగ్ వాటి మధ్యకు రాగానే హెచ్చరిక మోగుతుంది. ట్యాగ్ ఉన్నప్పుడు తప్పక మోగడం, లేనప్పుడు మౌనంగా ఉండడం అనే రెండు గుణాలూ యాంటెన్నాను ఎంత జాగ్రత్తగా శ్రుతి చేశారన్న దానిపై ఆధారపడతాయి. శ్రుతి తప్పిన ద్వారం డబ్బు చెల్లించిన కొనుగోలుదారును నలుగురి ముందు అనుమానితునిగా నిలబెడుతుంది.

ఈ సాంకేతికత 1960వ దశకంలో అమెరికాలో రూపుదిద్దుకుంది. నోగో సంస్థను స్థాపించిన ఆర్థర్ మినసీ, సెన్సర్‌మాటిక్ సంస్థను స్థాపించిన రోనాల్డ్ అసాఫ్ దీనికి ఆద్యులలో ముఖ్యులు.

మూడు పద్ధతులు

రేడియో తరంగ పద్ధతిలో ట్యాగ్ అంటే ఒక పలుచని లోహపు చుట్ట, దానికి జతపరిచిన కెపాసిటర్. ఈ రెండూ కలిసి సాధారణంగా 8.2 మెగాహెర్ట్జ్ పౌనఃపున్యం వద్ద అనునాదం చెందుతాయి. యాంటెన్నా ఆ విలువకు అటూ ఇటూ పౌనఃపున్యాన్ని వేగంగా మారుస్తూ వెదుకుతుంది. ట్యాగ్ స్పందించిన చోట సంకేతంలో కలిగే మార్పును రిసీవర్ గుర్తిస్తుంది.

ధ్వని అయస్కాంత పద్ధతి 1980వ దశకంలో వచ్చింది. దీని ట్యాగులో స్వేచ్ఛగా కంపించగల ఒక లోహపు పట్టీ, దాని పక్కనే అయస్కాంతీకరించిన మరో పట్టీ ఉంటాయి. యాంటెన్నా 58 కిలోహెర్ట్జ్ వద్ద చిన్న చిన్న స్పందనలను పంపి ఆగుతుంది. గంటను కొట్టి చేయి తీసినా నాదం కొంతసేపు నిలిచినట్లే, స్పందన ఆగిన తరువాత కూడా పట్టీ కంపిస్తూనే ఉంటుంది. రిసీవర్ ఆ విరామంలోనే వింటుంది.

మూడవది విద్యుదయస్కాంత పద్ధతి. పట్టీని మళ్లీ మళ్లీ క్రియాశీలం, నిష్క్రియం చేయగల వీలున్నందున గ్రంథాలయాలలో దీనిని ఎక్కువగా వాడారు.

శ్రుతి చేసే క్రమం

తొలి పని స్థల పరిశీలన. ట్యాగులన్నింటినీ దూరంగా ఉంచి, ప్రసారాన్ని ఆపి, రిసీవర్ ఏమి వింటున్నదో చూడాలి. అప్పుడు కనిపించేదంతా పరిసరాల రొద. ఎల్‌ఈడీ దీపాల డ్రైవర్లు, ప్రకటనల తెరలు, కంప్యూటర్ల పవర్ సప్లయిలు, మోటారు నియంత్రణ పరికరాలు ఇందుకు సాధారణ కారణాలు. ఒక్కొక్కదాన్నీ ఆపి చూస్తే ఏ పరికరం నుంచి రొద వస్తున్నదో తేలుతుంది.

తరువాత యాంటెన్నాను స్థిరంగా బిగించి, దాని చుట్టకు తగిన కెపాసిటర్లను ఎంచుకుని నిర్దేశిత పౌనఃపున్యానికి తేవాలి. అనునాద పౌనఃపున్యం కెపాసిటర్ విలువ వర్గమూలానికి విలోమంగా మారుతుంది. అంటే కెపాసిటర్ విలువ 4 శాతం పెరిగితే పౌనఃపున్యం సుమారు 2 శాతం తగ్గుతుంది. రోలింగ్ షట్టర్, లోహపు ద్వారబంధం, నేలలోని ఇనుప కడ్డీలు దగ్గరగా ఉన్నా ఈ విలువ జరుగుతుంది. అందువల్ల యాంటెన్నాను దాని చోటులో నిలిపిన తరువాతే తుది శ్రుతి చేయాలి. షట్టర్ ఎత్తినప్పుడూ, దించినప్పుడూ పరీక్షించడం మేలు.

మూడవ పని ధ్వని అయస్కాంత వ్యవస్థలకు ప్రత్యేకమైన కాల సమన్వయం. పక్కపక్క దుకాణాల యాంటెన్నాలలో ఒకటి ప్రసరిస్తున్న క్షణంలో మరొకటి వింటే, వినే యాంటెన్నా దానిని ట్యాగుగా పొరబడవచ్చు. దీనిని నివారించడానికి విద్యుత్ సరఫరా తరంగాన్నే గడియారంగా తీసుకుంటారు. భారతదేశంలో సరఫరా 50 హెర్ట్జ్ కనుక ఒక ఆవృత్తి 20 మిల్లీసెకన్లు. త్రీఫేజ్ సరఫరాలో ఒక్కో ఫేజ్ మధ్య తేడా 6.67 మిల్లీసెకన్లు. ఇరుగుపొరుగు దుకాణాలు వేర్వేరు ఫేజ్‌లపై ఉంటే ఆ తేడాను లెక్కించి జాప్యాన్ని అమర్చాలి. కరెంటు పోయి ఒక దుకాణం ఇన్వర్టరుకో జనరేటరుకో మారినప్పుడు ఈ సమన్వయం చెదిరే అవకాశం ఉంది. కనుక ఆ స్థితిలోనూ పరీక్షించవలసి ఉంటుంది.

చివరిది రిసీవర్ సున్నితత్వం. ట్యాగులు తప్పించుకుంటున్నాయని సున్నితత్వాన్ని పెంచుతూ పోవడం తరచుగా జరిగే పొరపాటు. సంకేతంతో పాటు రొద కూడా పెరిగితే లాభం ఉండదు. ముందు రొదను తగ్గించి, దానికి పైన స్పష్టమైన ఎడం ఉంచి హద్దును నిర్ణయించాలి. ఒకే స్పందనకు కాక, వరుసగా కొన్ని స్పందనలు అందిన తరువాతే మోగేలా చేస్తే క్షణికమైన రొద వడపోతకు లోనవుతుంది.

నడక పరీక్ష

అమరిక పూర్తయ్యాక ట్యాగును చేత పట్టుకుని యాంటెన్నాల మధ్య నడవాలి. పాదాల వద్ద, నడుము వద్ద, భుజాల ఎత్తున, ప్రతి ఎత్తులోనూ ట్యాగును మూడు దిశలలో తిప్పి చూడాలి. అయస్కాంత క్షేత్రానికి దిశ ఉన్నందున ఒక దిశలో దొరికిన ట్యాగ్ మరో దిశలో దొరకకపోవచ్చు. శరీరానికి ఆనించి ఒకసారి, లోహపు వస్తువుల పక్కన మరోసారి పరీక్షించాలి. ద్వారానికి మరీ దగ్గరగా ట్యాగులున్న సరుకును పేర్చరాదు. పరీక్ష ఫలితాలను పుస్తకంలో నమోదు చేసి, నిర్ణీత వ్యవధిలో మళ్లీ చూడాలి.

క్యాష్ కౌంటర్‌ను కూడా ఇందులో భాగంగానే పరిగణించాలి. రేడియో లేబుల్‌ను బలమైన క్షేత్రంతో కెపాసిటర్ దెబ్బతినేలా చేసి నిష్క్రియం చేస్తారు. ధ్వని అయస్కాంత లేబుల్‌లో పక్క పట్టీ అయస్కాంతత్వాన్ని తొలగించి పౌనఃపున్యాన్ని మారుస్తారు. ఈ పని కౌంటర్ వద్ద సరిగా జరగకపోతే, ఎంత చక్కగా శ్రుతి చేసిన ద్వారమైనా బిల్లు చెల్లించిన వ్యక్తిపైనే మోగుతుంది.

మోత నేరానికి రుజువు కాదు

2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 303వ సెక్షన్ ప్రకారం దొంగతనానికి వస్తువును నిజాయితీ లేకుండా తీసుకోవాలన్న ఉద్దేశం ఉండాలి. ట్యాగ్ మోగడం ఆ ఉద్దేశాన్ని చూపదు. అక్రమ నిరోధం 126వ సెక్షన్ కింద, అక్రమ నిర్బంధం 127వ సెక్షన్ కింద నేరాలు. మోగగానే సిబ్బంది చేయవలసింది మర్యాదగా బిల్లు చూపమని అడగడం, మిగిలిన ట్యాగును తొలగించడం.

పేస్‌మేకర్ లేదా శరీరంలో అమర్చిన డీఫిబ్రిలేటర్ ఉన్నవారు ఈ యాంటెన్నాల మధ్య మామూలు నడకతో దాటిపోవాలనీ, అక్కడ ఆగరాదనీ, వాటికి ఆనుకుని నిలబడరాదనీ వైద్యులు సూచిస్తారు. వారు ఆగవలసిన అవసరం కలగకుండా క్యూ వరుసలను, కుర్చీలను, ప్రదర్శన బల్లలను యాంటెన్నాకు దూరంగా ఏర్పాటు చేయడం కూడా అమరికలో భాగమే.

తప్పు మోతలు ఎక్కువైన చోట కాపలా సిబ్బంది క్రమంగా వాటిని పట్టించుకోవడం మానేస్తారు. అప్పుడు నిజమైన మోత కూడా వినిపించని మోతే అవుతుంది.